మెట్టు దించిన పాట

ఆ ఇంట్లో పాట రికార్డు చెయ్యాలంటే ముందు ఫ్రిజ్ నోరు మూయించాలి. అది పాత ఫ్రిజ్. మోటారు తిరగడం మొదలైందంటే గురక పెట్టే పెద్దమనిషి పక్కగదిలో పడుకున్నట్టే. దాని తర్వాత ఫ్యాను ఆపాలి. కిటికీకి రెండు దుప్పట్లు కట్టాలి. తలుపు కింద సందులో పాత తువ్వాలు దోపాలి. ఇక బట్టల బీరువా రెండు తలుపులూ బార్లా తెరిచి, లోపల వేలాడే బట్టలకు ఎదురుగా నిలబడి పాడాలి. బట్టలుంటే గొంతు గోడలకు తగిలి తిరిగి రాదు. వీడియో తీసే ఫోను కూడా ఆ బీరువాలోనే, మడతపెట్టిన బట్టల అరలో ఉంటుంది. చూసేవాళ్లకు అక్క వెనకాల నీలం పరదా, ఒక పూలకుండీ మాత్రమే కనబడతాయి. ఆవిడ కళ్లలో నీళ్లు పెట్టుకుని పాడేది తన సొంత బీరువాకే అని పాపం ఎవరికీ తెలియదు.

"ఈ కొలిమిలో నిలబెట్టి చల్లగాలి మీద పాట పాడమంటావా, నీకు పుణ్యముంటుందే!" అని అక్క మొత్తుకునేది.

"పాడక్కా, పైయింటాయన కుర్చీ జరపడం ఆపాడు. మళ్లీ ఎప్పుడు మొదలెడతాడో" అని చెల్లెలు తొందరపెట్టేది.

ఈ ఏర్పాట్లన్నీ చెల్లెలివే. ఆమె ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తుంది. పగిలిన అద్దాలు మార్చడం, తడిసిన ఫోన్లను బతికించడం ఆమె పని. దుకాణంలోకి వచ్చినవాళ్లు అటూ ఇటూ చూసి, "మెకానిక్ లేడా అమ్మా?" అంటారు. "భోజనానికెళ్లాడండీ, ఈలోపు నన్ను చూడమన్నాడు" అని ఆ ఫోను విప్పి, బాగుచేసి, చేతిలో పెట్టి పంపిస్తుంది. చేతిలో ఎప్పుడూ చిన్న స్క్రూడ్రైవర్ ఉంటుంది కాబట్టి అక్క ఆమెను స్క్రూ అనే పిలిచేది. కోపం వస్తే దానికి ఇంకో మాట తగిలించేది, అది మీరు ఊహించుకోగలరు.

అక్కది పెద్ద హోటల్లో బట్టలుతికే విభాగం. ఇస్త్రీ యంత్రంలోంచి ఆవిరి కక్కుతూ వచ్చే పడక దుప్పట్లను ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని మడతపెట్టాలి. అక్కకు జోడీగా నిలబడటానికి అక్కడ అందరికీ పోటీ. పని చేసినంతసేపూ ఆమె పాడుతూనే ఉంటుంది కదా, చేతుల నొప్పి తెలిసేది కాదట. తల్లి పోయినప్పుడు చెల్లెలు పాలబుగ్గల పిల్ల. తండ్రి ఉన్నా లేనట్టే ఉండి, చివరికి నిజంగానే లేకుండా పోయాడు. ఆ పిల్లకు తల దువ్వి, బడికి పంపి, జ్వరమొస్తే పక్కన కూర్చుని పాడి నిద్రపుచ్చిందీ అక్కే. మధ్యలో అక్కకు పెళ్లి కూడా అయింది. ఎవరైనా అడిగితే "అయింది, అయిపోయింది" అని ఆ కథను రెండు మాటల్లో తేల్చేసేది.

ఆమెకు అసలైన పేరు తెచ్చింది మాత్రం ఆర్కెస్ట్రా. కీబోర్డు మాస్టారొకాయన నడిపే బృందం అది. పెళ్లిళ్లకు, కంపెనీల వార్షికోత్సవాలకు వెళ్లి సినిమా పాటలు పాడేవాళ్లు. పైకి ఎక్కే పాట ఏదొచ్చినా మిగతా గాయనులు మంచినీళ్లు తాగే వంకతో పక్కకు తప్పుకునేవారు. "పైశృతిని పిలవండి" అనేవాడు మాస్టారు. అలా అక్క పేరు పైశృతి అయింది. అందులోనూ పడవ పాట ఆమెదే. పాత పాట. అవతలి ఒడ్డుకు వెళ్లిపోతున్న పడవను ఒక ఆడమనిషి పిలుస్తూ ఉంటుంది. రెండో చరణం చివర 'రావా' అని మూడుసార్లు పిలవాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ పోయి, మూడో పిలుపు ఎక్కడికో వెళ్తుంది. అక్క ఆ మూడో 'రావా' అందుకోగానే భోజనాల దగ్గర ప్లేట్లు పట్టుకున్నవాళ్లు కూడా తలెత్తి చూసేవారు. అన్నం ముందు పెట్టుకుని మనిషి తలెత్తాడంటే అంతకన్నా బిరుదు ఏముంటుంది?

కాలం మారింది. పెట్టెల్లో పాటలు పెట్టి మోగించేవాళ్లు వచ్చాక పాడేవాళ్ల అవసరం తీరిపోయింది. మాస్టారు డ్రమ్ములు అమ్మేసి పిల్లలకు కీబోర్డు నేర్పుకోవడం మొదలుపెట్టాడు. అక్క ఇంట్లో కూనిరాగం తీయడం కూడా మానేసింది. అది చూడలేకనే చెల్లెలు ఈ వీడియోల పని నెత్తికెత్తుకుంది. పాట లేకుండా వాయిద్యాలు మాత్రమే ఉండే ట్రాకులు దొరుకుతాయి. ట్రాకు అక్క చెవిలో పెట్టిన ఇయర్‌ఫోన్లో మాత్రమే మోగుతుంది, మైకు గొంతును మాత్రమే పట్టుకుంటుంది. తర్వాత చెల్లెలు కూర్చుని రెండింటినీ కలుపుతుంది. కాబట్టి పాడేటప్పుడు ఆ గదిలో వాయిద్యాలేవీ వినబడవు. అక్క గొంతు ఒక్కటే, ఏ ఆసరా లేకుండా. దాన్ని అలా విన్నది లోకంలో చెల్లెలు ఒక్కతే.

ఒక్కో పాట ఎన్నిసార్లు తిరగేసేవారో. "పాడిందే పాడరా పాచిపళ్ల దాసరా అన్నట్టుంది నా బతుకు" అని అక్క విసుక్కునేది, కానీ చెల్లెలు చాలంటే "ఉండవే, ఇంకోసారి" అనేదీ ఆమే. తన వీడియో తాను ఒక్కటీ చూసేది కాదు. "రోజూ అద్దంలో చూసుకునే భాగ్యం చాల్లే" అనేది. కింద జనం రాసిన మాటలు మాత్రం చెల్లెలు చదివి వినిపించాలి. అక్క గిన్నెలు తోముతూ పట్టనట్టు ముఖం పెట్టి వినేది. చెల్లెలు ఆపగానే "ఇంకేమన్నారు?" అనేది.

గడ్డ సంగతి బయటపడింది కూడా ఆ వీడియోల్లోనే. ఒకరోజు చెల్లెలు పాటను కలుపుతూ అక్క ముఖాన్ని తెర మీద పెద్దది చేసింది. చరణానికి ముందు అక్క గుటక వేసింది. గొంతు కింద ఒక పక్క ఏదో పైకి లేచి కిందికి దిగింది. చెల్లెలు వెనక్కి తిప్పి మళ్లీ చూసింది. పాత వీడియోలన్నీ తీసి చూస్తే ఎప్పటినుంచో అది అక్కడే ఉంది, కొంచెం కొంచెం పెరుగుతూ.

ఆపరేషన్ చేసి తీసేశారు. ప్రాణానికి ఏమీ లేదన్నారు. అయితే స్వరానికి వెళ్లే సన్నని నరం సరిగ్గా అక్కడే ఉంటుందట, దానికి దెబ్బ తగిలింది. అక్క నోరు తెరిస్తే బొంగురు, బొంగురు వెనక గాలి. గొంతు కసరత్తులు నేర్పే డాక్టరమ్మ దగ్గరికి పంపారు. గ్లాసులో నీళ్లు పోసి, గొట్టంతో బుడగలు ఊదుతూ 'ఊ' అని రాగం తియ్యమంది ఆవిడ.

"మొదటి కొన్ని నెలలే ముఖ్యం. ఈలోపు నరాన్ని లేపితే లేస్తుంది, లేదంటే అలాగే నిద్రపోతుంది. ఒక్క వారం కూడా మానొద్దు" అని ఇద్దరికీ చెప్పింది. చెల్లెలు బుద్ధిగా తలూపింది. ఆ మాట ఆమెకు బాగా గుర్తుంది.

అక్క కొన్ని వారాలు ఊదింది. గొంతు కొంచెం తేటపడింది. ఒక ఆదివారం పొద్దున్నే లేచి కిటికీకి దుప్పట్లు కట్టడం మొదలుపెట్టింది.

"పడవ పాట పెట్టు" అంది.

"ఇప్పుడే ఎందుకక్కా? డాక్టరమ్మ ఇంకా పాడొద్దంది కదా."

"ఈ అనుమానంతో చస్తున్నానే. వస్తే వచ్చింది. రాకపోతే ఇక నా నోట పాట మాట ఎత్తను. ఒట్టు."

అక్క ఒట్టు వేసిందంటే ఒట్టే. మొగుణ్ణి వదిలేసినప్పుడు కూడా ఇలాగే ఒక్కసారే అంది, మళ్లీ ఆ వీధి ముఖం చూడలేదు. చెల్లెలు ఫోను తీసింది. ట్రాకు శృతిని ఎంత కావాలంటే అంత దించే వీలు అందులో ఉంటుంది. వేలితో రెండుసార్లు నొక్కితే రెండు మెట్లు దిగుతుంది. వేగం మారదు, వాయిద్యాలు మారవు, పాట కొంచెం కింద నడుస్తుందంతే. ఆపరేషన్ తర్వాత తన గొంతే తనకు కొత్తగా ఉన్న అక్క ఆ తేడా పోల్చలేదు. ఈ ఒక్కరోజు మనసు విరగకుండా చూస్తే చాలు, రేపు నెమ్మదిగా చెప్పేద్దాం అనుకుని చెల్లెలు రెండుసార్లు నొక్కింది.

అక్క పాడింది. పల్లవి దాటింది, మొదటి చరణం దాటింది. రెండో చరణం చివర కళ్లు గట్టిగా మూసుకుని మూడో 'రావా' అందుకుంది. అందింది. పాట అయ్యాక ఆమె బీరువాలో వేలాడే బట్టల్లో తల దూర్చి ఏడ్చింది.

"వచ్చిందే స్క్రూ! నా గొంతు నాకొచ్చేసింది!"

మర్నాడు చెప్దామనుకుంది చెల్లెలు. మర్నాడు అక్క హోటల్లో అందరికీ మిఠాయి పంచి వచ్చింది. ఎల్లుండి చెప్దామనుకుంది. ఎల్లుండి అక్క పాత పాటల చిట్టా చెబుతూ కూర్చుంది, ఏవేవి రికార్డు చెయ్యాలో. అలా ఒకరోజు మీద ఒకరోజు పేర్చుకుంటూ పోయింది. ఆ వారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాల్సిన రోజు వచ్చింది.

"బుడగలు ఊదడానికి సెలవు పెట్టి వెళ్లాలా? పాట వచ్చాక వైద్యమెందుకే?" అంది అక్క.

"ఎందుకైనా మంచిది, వెళ్దాం అక్కా."

"ఏం, నా గొంతు నీకు బాగాలేదా?"

చెల్లెలు బాగుంది అంది. అనకూడని మాట ఏదైనా ఉంటే అదే, అనకూడని సమయం ఏదైనా ఉంటే అప్పుడే. ఆ తర్వాత డాక్టరమ్మ గుమ్మం వాళ్లు తొక్కలేదు.

ఇక అక్కణ్ణుంచి అబద్ధం ఇంట్లో మూడో మనిషిలా తిరిగింది. అక్క సంతోషం చూస్తే చెల్లెలికి కడుపు నిండేది, ఆ వెంటనే తను చేసింది గుర్తొచ్చేది. కొన్నాళ్లకు రెండు మెట్లు చాలలేదు, మూడు దించింది. తర్వాత నాలుగు. ఆసరా లేని ఆ గొంతును గదిలో వినేది తనే కాబట్టి దించాల్సిన సమయం ఎప్పుడొచ్చిందో చెల్లెలికి చక్కగా తెలిసేది. వీడియోల కింద ఒకసారి ఎవరో పెద్దాయన "ఈమధ్య శృతి తగ్గించి పాడుతున్నారేం తల్లీ, ఒంట్లో బాగుంటోందా?" అని రాశాడు. ప్రేమగానే రాశాడు. చెల్లెలు అది చదవకుండా దాటేసి, తర్వాత చెరిపేసింది. అక్క ఆరోజు కూడా "ఇంకేమన్నారు?" అని అడిగింది. "ఇంకేం లేదక్కా" అంది చెల్లెలు.

ఇలా ఏడాది గడిచాక మాస్టారి ఫోను వచ్చింది. చెదిరిపోయిన పాత బృందాన్ని ఒక్కసారి కూడగట్టి, చిన్న హాల్లో కచేరీ పెడుతున్నాడట. పాత శ్రోతలు, శిష్యుల తల్లిదండ్రులు వస్తారు. పడవ పాట లేకుండా కుదరదన్నాడు. అక్క ఫోను పెట్టేసి గదంతా కలయతిరిగింది.

"పెద్దవాళ్లు ఊరికే అనలేదే, ఇంట గెలిచి రచ్చ గెలవమని. ఏడాదిగా ఇంట గెలుస్తూనే ఉన్నాను. ఇక రచ్చే!"

చెల్లెలికి ఆ రాత్రి అన్నం సహించలేదు. చెబితే అక్క పాట వదిలేస్తుంది, చెప్పకపోతే పదిమందిలో పరువు పోతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఎటూ తేల్చుకోలేక ఆమె మాస్టారి దగ్గరికి వెళ్లింది. ఆయన పిల్లల చేత వేళ్లు నొక్కిస్తూ కూర్చున్నాడు. పిల్లల్ని బయటికి పంపి అంతా విన్నాడు.

"చెప్పెయ్యమ్మా. ఇంట్లో దాచావు సరే, స్టేజీ మీద దాగదు."

"ఈ ఒక్కసారికి మాస్టారూ. నాలుగు మెట్లు దించి వాయించండి. కచేరీ అవగానే నేనే చెప్పేస్తాను."

"పైశృతికి దించి వాయించాలా నేను?" ఆయన కీబోర్డు మీద దుమ్ము తుడిచాడు. "నాదేముందిలే, ఒక్క బటను. గిటారు అబ్బాయికీ చెబుతాను. కానీ ఇది మంచి పని కాదు, నీకూ తెలుసు."

ఆయన అన్నట్టే చేశాడు. గిటారు అతనికి చెప్పాడు, తబలా అతనికీ చెప్పాడు. ఫ్లూటు వాయించే ఆయన ఇప్పుడు వేరే ఊళ్లో ఉంటున్నాడు. బస్సు ఆలస్యమై నేరుగా హాలుకు వచ్చాడు, వచ్చీ రాగానే స్టేజీ ఎక్కాడు. మొదటి రెండు పాటల్లో ఫ్లూటు అవసరం లేదు. మూడోది పడవ పాట. ఆ హడావుడిలో ఆయనకు చెప్పడం మాస్టారు మర్చిపోయాడు. అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటి మర్చిపోయాడు, చెల్లెలికీ తట్టలేదు. ఆ పాట మొదలయ్యేది ఒక్క ఫ్లూటుతోనే. వేరే ఏ వాయిద్యమూ లేకుండా, నది ఒడ్డున ఎవరో ఊదుతున్నట్టు.

అక్క మైకు ముందుకు వచ్చి నిలబడింది. మంచి బట్టలు కట్టుకుంది, ఆపరేషన్ మచ్చ కనబడకుండా మెడకు సన్నని గుడ్డ చుట్టుకుంది. ఫ్లూటాయన ఎన్నో ఏళ్ల అలవాటు కొద్దీ కళ్లు మూసుకుని అందుకున్నాడు. పాత శృతిలో. మూడో వరుసలో కూర్చున్న చెల్లెలు లేచి నిలబడింది. మాస్టారు తలెత్తి ఆయన్ను చూశాడు, చెల్లెలిని చూశాడు, ఇక చేసేది లేక బటను నొక్కి పాత శృతిలోకే వచ్చేశాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. చాలా రోజులకు విన్నారు కదా.

పల్లవిలోనే అక్క కనుబొమలు ముడిపడ్డాయి. అయినా లాక్కొచ్చింది. మొదటి చరణంలో గాలి ఎక్కువైంది. రెండో చరణం చివర మొదటి 'రావా' ఒరుసుకుంటూ వచ్చింది. రెండోది పగిలింది. మూడోదానికి నోరు తెరిచింది, ఏమీ రాలేదు. జనం ముందు నోరు తెరుచుకుని, మెడ మీద గుడ్డను చేత్తో పట్టుకుని నిలబడిపోయింది. వాయిద్యాలు ఒక్కొక్కటిగా ఆగాయి. ఎవరో జాలిపడి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు చెల్లెలు బతికున్నంతకాలం మర్చిపోదు.

తెర వెనక అక్క కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగింది. మాస్టారు రాగానే అడిగింది.

"శృతి పెంచారా మాస్టారూ? నేను ఇంట్లో హాయిగా పాడుతున్నానే, ఇక్కడ ఇంత పైనుందేమిటి?"

మాస్టారు వయసు మళ్లిన మనిషి. అబద్ధం ఆడటం చేతకాలేదు.

"పెంచలేదమ్మా. ఇది నీ పాత శృతే. మీ చెల్లెలు దించమంది, మేం దించుకునే కూర్చున్నాం. ఫ్లూటాయనకు చెప్పడం మర్చిపోయాను. తప్పు నాది."

అక్క చెల్లెలి వైపు తిరిగింది. కోపంగా కాదు. లెక్క అర్థంకాని పిల్ల పంతులమ్మ వంక చూసినట్టు చూసింది. మెల్లగా అర్థమైంది. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఇంటికి వచ్చి చెప్పులు విప్పాక అక్క అడిగింది.

"ఎన్ని మెట్లు?"

"మొదట రెండు."

"ఇప్పుడు?"

"నాలుగు."

"అంటే ఇంకా దిగిపోతోందా?"

చెల్లెలు ఔనని తలూపింది. అక్క గోడకు చేరగిలబడి కింద కూర్చుంది.

"గొంతు పోయినందుకు కాదే. పోతే పోయింది, మనుషులే పోతారు. ఏడాది పొడుగునా నా సంతోషం చూసి నువ్వు లోపల్లోపల జాలిపడ్డావు చూడు, అది తల్చుకుంటే ఒళ్లు మండిపోతోంది. నన్ను చిన్నపిల్లను చేశావు. నిన్ను పెంచినదాన్ని నేను!"

"నువ్వు ఒట్టు వేశావు కదక్కా, పాట వదిలేస్తానని. నువ్వు పాడకపోతే ఈ ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలుసు. భయమేసింది."

"భయమేస్తే నాకు చెప్పాలి. ట్రాకుకు కాదు."

ఆ మాట అని అక్క లేచి వెళ్లి పడుకుంది. ఆ వారమంతా ఆమె చెల్లెలితో అవసరానికి మించి మాట్లాడలేదు. ఉప్పు అందుకో, తలుపు వేసుకో, అంతే. హోటల్లో కూడా పాట లేకుండానే దుప్పట్లు మడతపెట్టిందట. అవతలి కొస పట్టుకున్న మనిషి ఆ సంగతి దారిలో కనబడ్డప్పుడు చెల్లెలికి చెప్పింది. "మీ అక్కకు ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది కూడా.

ఒకరోజు అక్క తనంతట తానే డాక్టరమ్మ దగ్గరికి బయలుదేరింది. చెల్లెలు అడక్కుండానే వెంట నడిచింది, అక్క వద్దనలేదు. డాక్టరమ్మ కెమెరా ఉన్న సన్నని గొట్టం పెట్టి లోపల చూసింది. తెర మీద స్వరపు పొరలు రెండు కనబడ్డాయి. ఒకటి కదులుతోంది, రెండోది కదలడం లేదు. డాక్టరమ్మ దీపం ఆర్పి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది.

"మీది చాలావరకు తిరిగొచ్చే కేసమ్మా. ఆరోజుల్లో కసరత్తు చేసుంటే ఇంచుమించు పాత గొంతే వచ్చేది. ఇప్పుడు మాట పోకుండా కాపాడుకోగలం గానీ, పైకి పాడటం ఇక కష్టం. అప్పుడంత గట్టిగా చెప్పాను కదా, ఎందుకు మానేశారు?"

గొంతు పోవడం ఆపరేషన్ వల్ల అని చెల్లెలు ఇన్నాళ్లూ సర్దిచెప్పుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఆ ఊరటా పోయింది. ఆ వేలితో రెండుసార్లు నొక్కింది తనే. చెప్పెయ్యాలని నోరు తెరిచింది.

"బద్ధకమండీ" అంది అక్క. "ఇది పాపం వెళ్దాం వెళ్దాం అని చెవినిల్లు కట్టుకుని పోరింది. నేనే వినలేదు."

డాక్టరమ్మ అక్కను కాస్త మందలించింది. అక్క తల వంచుకుని, తప్పు చేసినదానిలాగే, ఆ మందలింపంతా విన్నది. బయటికి వచ్చాక చెల్లెలు చెట్టు పట్టుకుని ఏడ్చింది.

"ఎందుకలా చెప్పావక్కా?"

"మరేం చెప్పమంటావ్? నా పిల్లను పరాయివాళ్ల చేత తిట్టించనా?" అంది అక్క. ఆ వెంటనే, "అలాగని క్షమించేశాననుకోకు. దానికి ఇంకా టైం పడుతుంది" అని కూడా అంది. అక్క మాటలకు వంకరలుండవు. పడుతుందంటే పడుతుంది.

మరికొన్ని వారాలకు ఒక సెలవు రోజున చెల్లెలు బజారు నుంచి వచ్చేసరికి కిటికీకి దుప్పట్లు కట్టి ఉన్నాయి. ఫ్రిజ్ ఆగి ఉంది. బీరువా తెరిచి ఉంది.

"పడవ పాట పెట్టు. అసలు శృతిలో" అంది అక్క. "నువ్వు దాన్ని ముట్టుకోకు. ఎంతలో ఉందో నాకు చూపించి పెట్టు."

చెల్లెలు ఫోను ఆమె చేతికే ఇచ్చింది. అక్క కళ్లు చికిలించి తెర చూసుకుని, సున్నా ఉందని నిర్ధారించుకుని, ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకుంది. బీరువా అరలో రెండో ఫోను వీడియో తీస్తోంది. పాడటం మొదలుపెట్టింది. గదిలో ఆ ఒక్క గొంతే. బొంగురు, గాలి, అక్కడక్కడా తునిగిన అంచులు. పైన అందని చోట వదిలేసి, అందే చోట పట్టుకుంటూ వెళ్లింది. దాచుకోలేదు. చెల్లెలు గోడ పక్కన ఒదిగి కూర్చుని మోకాళ్ల మీద తల పెట్టుకుని విన్నది.

రెండో చరణం వచ్చింది. మొదటి 'రావా' పాడింది. రెండోది పాడింది. అక్కడ ఆపేసింది. గది నిశ్శబ్దమైపోయింది. చెల్లెలు రికార్డింగు ఆపడానికి గబగబా లేచింది. అక్క అరచెయ్యి అడ్డంపెట్టి, ఆపొద్దని, దగ్గరికి రమ్మని సైగ చేసింది. ఇయర్‌ఫోను తన చెవిలోంచి తీసి చెల్లెలి చెవిలో పెట్టింది.

ట్రాకు ఆగలేదు, అది ఎవరి కోసమూ ఆగదు. మూడో పిలుపు దగ్గర వయొలిన్లు పైకి, ఇంకా పైకి ఎక్కుతున్నాయి. కింద తబలా వాటికి దారి ఇస్తోంది. పాటలు కలిపేటప్పుడు చెల్లెలు ఆ ముక్కను ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు, కానీ ఎప్పుడూ మెట్లు సరిపోయాయా లేదా అనే విన్నది. ఇప్పుడు తెలిసింది, ఆ వాయిద్యాలన్నీ ఒక మనిషి కోసం చోటు వదిలి నడుస్తున్నాయి. ఆ చోటులో ఎవరూ లేరు.

"విన్నావా?" అంది అక్క, ఆ పాడైపోయిన గొంతుతో, మెల్లగా. "ఇక్కడ నేనుండేదాన్ని."

చెల్లెలు అక్క భుజం మీద తల పెట్టి ఏడ్చింది. అక్క ఆమె వీపు నిమిరింది గానీ ఏడవొద్దని అనలేదు. చెల్లెలి చెవిలో చరణం అయిపోయింది, పల్లవికి ముందు వచ్చే తబలా కూడా అయిపోయింది. ఈసారి అక్క పల్లవి అందుకోలేదు.